అందరం ఓడ దిగినవాళ్ళమే

మారిషస్ దక్షిణాన, రోజ్‌బెల్ దగ్గర ఒక చెరకు తోట క్యాంపులో పుట్టాను. క్యాంపు అంటే సైన్యం అనుకునేరు. తోట యజమాని కూలీల కోసం వేయించిన పాకల వరస. ముప్ఫై తొమ్మిదేళ్ళు పంతులుగిరీ చేశాను. పనిలోంచి దిగి ఇరవై ఏళ్ళయింది. మొన్ననే ఎనభై నిండాయి.

మా దేశం గురించి మీ చెవిన పడే మాటలు రెండు. నీలి సముద్రం, తెల్లటి ఇసుక అన్నది ఒకటి. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు, చైనావాళ్ళు కలిసిమెలిసి బతికే ఇంద్రధనుస్సు అన్నది రెండోది. ఉగాదికి సర్కారు సెలవిచ్చే దేశమని మీలో కొందరు గర్వంగా చెప్పుకోవడమూ విన్నాను. ఇందులో అబద్ధమేమీ లేదు. అయితే ఇంద్రధనుస్సు అన్నప్పుడల్లా నాకొకటి తడుతుంది: అందులో ఏ రంగూ తన బద్ద దాటి పక్క బద్దలోకి అడుగు పెట్టదు.

నేను రాసేది ఎక్కువగా నా తప్పుల గురించే. చిన్న దేశం కదా, మీ కోనసీమ జిల్లా అంత నేల, పన్నెండున్నర లక్షల జనం. ఒక పంతులు చేసిన తప్పుల్లోనే చరిత్ర చాలావరకు ఇమిడిపోతుంది.

1. ఈ దీవిలో స్థానికులంటూ ఎవరూ లేరు.

1598లో డచ్చివాళ్ళు దిగి తమ యువరాజు మౌరిట్స్ పేరు పెట్టేనాటికి ఇక్కడున్నది అడవి, తాబేళ్ళు, ఎగరలేని డోడో పక్షి. 1710లో వాళ్ళు వదిలిపోయేసరికి డోడో లేదు. 1715లో ఫ్రెంచివాళ్ళు వచ్చారు, 1810లో ఇంగ్లీషువాళ్ళు లాక్కున్నారు. తోటల్లో నడుము వంచింది మాత్రం మడగాస్కర్ నుంచి, మొజాంబిక్ తీరం నుంచి పట్టి తెచ్చిన బానిసలు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. దానికి మూడు నెలల ముందే, 1834 నవంబర్ 2న, 'అట్లాస్' అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీల్ని తెచ్చి దించింది. యజమానుల ముందుచూపు అలాంటిది. ఆపైన ఎనభై ఏళ్ళలో నాలుగున్నర లక్షల పైచిలుకు మంది వచ్చారు. ఐదేళ్ళ ఒప్పందం, నెలకు ఐదు రూపాయలు, కొలిచి పోసే బియ్యం, పప్పు, ఉప్పు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దానికి డబుల్ కట్ అని పేరు. గోదావరి పాయ పక్కనున్న కోరంగి రేవు నుంచి కొన్ని ఓడలు వచ్చినందుకు తెలుగువాళ్ళందరికీ 'కోరంగి' అనే పేరు అతుక్కుంది.

మా ముత్తాత వివరం మోకా ఊళ్ళో, మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ దాచిన వలస రిజిస్టర్లలో ఉంది. ఒక నంబరు, ఒక్క ముక్క పేరు, తండ్రి పేరు, ఎత్తు, ఎడమ కనుబొమ మీద మచ్చ, జిల్లా విశాఖపట్నం. ఊరి పేరు ఉండాల్సిన చోట గుమాస్తా గిలికింది ఇప్పటికీ ఎవరికీ అంతుపట్టలేదు. ఆ ఒక్క ముక్క పేరే మాకు ఇంటిపేరయింది. ఆ పుట చూసినప్పుడు ఛాతీ పొంగింది. మేం చెమటోడ్చాం, పైకొచ్చాం. క్రియోళ్ళు, అంటే ఆ బానిసల సంతతి, రాలేకపోవడం వాళ్ళ లోపమే అని తరగతిలో అనకపోయినా భోజనాల దగ్గర అనేవాణ్ణి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో నష్టాల్లో పడ్డ యజమానులు తోటల అంచులు ముక్కలు చేసి అమ్మినప్పుడు కొనుక్కున్నది ఎక్కువగా మావాళ్ళేనని, ఆ ఎకరం అరెకరమే మా పిల్లల్ని బడికి పంపిందని చదివి తెలుసుకునే ఓపిక నాకు నలభై దాటాక గానీ రాలేదు. చరిత్ర పాఠం చెప్పే పంతులు సంగతి ఇది.

2. తుఫాను కలిపిన చేతులు నాలుగు రోజులే కలిసి ఉంటాయి.

1960 జనవరిలో అలిక్స్ తుఫాను, ఫిబ్రవరి ఆఖర్లో దాని అక్క కరోల్. గంటకు రెండొందల యాభై కిలోమీటర్ల గాలి. నాకు పదిహేనేళ్ళు. చెరకు ఆకుతో నేసిన మా పైకప్పు మొదటి ఊపులోనే ఎటు పోయిందో పోయింది. క్యాంపు క్యాంపంతా వెళ్ళి చక్కెర మిల్లు రాతి గోడల మధ్య తల దాచుకుంది. మా పక్కన మిల్లు వడ్రంగి కుటుంబం, క్రియోళ్ళు. వాళ్ళబ్బాయి నా ఈడువాడే, అదే బడి. వాడు ఇల్లు వదిలేటప్పుడు తెచ్చుకున్నది ఒక్కటే, మేకతోలు బిగించిన రవాన్ అనే డప్పు. మా నాన్న తెచ్చింది సింహాద్రి అప్పన్న పటం. ఆ రాత్రి గాలి దిశ మారే వేళ, తుఫాను కన్ను మా నెత్తిన ఉన్న ఆ కాస్త నిశ్శబ్దంలో, వాళ్ళ చంటిదానికి మా అమ్మ పాలిచ్చింది. నాలుగు రోజులు ఒకే గంగాళంలోంచి తిన్నాం.

ఆ ఏడాది దేశంలో చెరకు సగానికి పైగా పోయింది. సర్కారు కొత్త ఇళ్ళ కాలనీలు కట్టింది. వడ్రంగి కుటుంబం కాలనీకి వెళ్ళింది, మేం మా అరెకరం మీద రాతిగోడ లేపుకున్నాం. మళ్ళీ ఒకరింటికి ఒకరం వెళ్ళడానికి పండగో చావో కావాల్సి వచ్చేది. ఎవరూ ఎవరినీ కాదనలేదు. అంత మర్యాదగా దూరమవడం మాకు బాగా చేతనవును. వాడితో స్నేహం మాత్రం నిలిచింది. ఇద్దరం పంతుళ్ళమే అయ్యాం.

3. గెలిచిన రోజున ఓడినవాళ్ళ గుమ్మం వైపు చూడాలి.

1967 ఆగస్టు 7 ఎన్నికలు పేరుకే ఎన్నికలు. అడిగిన ప్రశ్న ఒకటే: ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోవాలా, ఉండాలా. ఎర్రజెండా వైపు శివసాగర్ రాంగులాం, స్వాతంత్య్రం. నీలిజెండా వైపు గేతాన్ దువాల్, వద్దని. ఇండియా సంతతి ఆధిపత్యం వస్తే తమ గతేమిటన్న భయం క్రియోళ్ళలో, చైనావాళ్ళలో, ఇంకా ఇతరుల్లో ఉండేది. 'మలబార్లు మాకొద్దు' అని గోడల మీద రాశారు, మలబార్లంటే మేమే. ఆ రాత వల్ల మాకు పట్టుదల పెరిగింది గానీ దాని వెనకున్న భయం కనిపించలేదు. నూటికి 44 మంది వద్దన్నారు. అంటే వీధిలో ఇంచుమించు ప్రతి రెండో ఇల్లు.

1968 జనవరిలో రాజధాని పోర్ట్ లూయిస్‌లో ముస్లిములకూ క్రియోళ్ళకూ మధ్య అల్లర్లు చెలరేగి, బ్రిటిష్ సైనికుల్ని పిలిపించాల్సి వచ్చింది. మార్చి 12న జెండా ఎగరేసే ఉత్సవానికి రావాల్సిన ఇంగ్లండు రాకుమారి కూడా రాలేదు. నేను మాత్రం షాన్ ద మార్స్ మైదానానికి వెళ్ళాను, అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని వచ్చాను. గాంధీగారు దండికి బయల్దేరిన తేదీ కూడా మార్చి 12 అని ఒక్కొక్కరికీ చెప్పాను. అదే వారం నా మిత్రుడి అన్న భార్యాపిల్లలతో ఆస్ట్రేలియా ఓడ ఎక్కాడు. అలా వెళ్ళినవాళ్ళు వేలల్లో ఉన్నారు. రేవుకు రమ్మని వాడు నన్ను పిలిచాడు. జెండా చూసి వచ్చిన అలసటలో ఉన్నాను, వెళ్ళలేదు.

4. మనకు దక్కినదాని ఖరీదు ఎవరు కట్టారో అడగాలి.

స్వాతంత్య్రానికి ముందే, 1965 నవంబర్‌లో, ఇంగ్లండు చాగోస్ దీవుల్ని మా నుంచి విడదీసింది. మా నాయకులు ఒప్పుకున్నారు. ఒప్పుకోక గతి లేదని కొందరు, ముప్ఫై లక్షల పౌండ్లకు అమ్ముడుపోయారని కొందరు. డియేగో గార్సియా మీద అమెరికా సైనిక స్థావరం కోసం 1968-73 మధ్య అక్కడివాళ్ళని, పదిహేను వందలకు పైగా మనుషుల్ని, తరలించేశారు. వాళ్ళ పెంపుడు కుక్కల్ని చంపించారు. కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగినవాళ్ళని మా రేవులో, సేషెల్స్ రేవులో దించి చేతులు దులుపుకున్నారు. 1973లో ఒక ఓడలో వచ్చిన కుటుంబాలు మేం దిగమని మొండికేశాయి.

అప్పుడు నేను విశాఖపట్నంలో తెలుగు చదువు ముగించుకుని తిరిగొచ్చి ఎన్నాళ్ళో కాలేదు. పుస్తకాల పెట్టె ఒకటి వెనకబడితే విడిపించుకోవడానికి రేవుకు వెళ్ళాను. దూరాన ఆ ఓడ కనిపించింది. ఏమిటని అడిగితే కస్టమ్స్ గుమాస్తా "ఇల్వాలు, దిగరట" అని నవ్వాడు. ఇల్వా అంటే చిన్న దీవులవాడు; మా నోట్లో అదొక తిట్టు. నేనూ నవ్వాను. ఓడ దిగినవాళ్ళ మునిమనవడిని, దిగనన్నవాళ్ళని చూసి నవ్వాను. పెట్టె తెచ్చుకుని బస్సెక్కాను. వాళ్ళ పరిహారం సొమ్ము మా సర్కారు చేతికి 1972లోనే వచ్చింది. వాళ్ళ చేతికి అందేసరికి ఐదారేళ్ళు పట్టింది. ఈలోగా ఎంతమంది మురికివాడల్లో రాలిపోయారో. 2019లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం ఆ విడదీత చెల్లదంది. 2025 మే నెలలో దీవుల మీద సార్వభౌమత్వం మాదేనన్న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. డియేగో గార్సియా మాత్రం మరో 99 ఏళ్ళు స్థావరంగానే ఉంటుందట. టీవీలో మావాళ్ళు చప్పట్లు కొట్టారు. బతికున్న ఇల్వా ముసలమ్మల్లో కొందరు, మమ్మల్ని ఎవరూ అడగలేదన్నారు.

5. దిద్దేవాడి ముందు భాష నోరు మూసుకుంటుంది.

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాయాలి.

మా నాయనమ్మది క్యాంపు తెలుగు. శ్రీకాకుళం యాసకు క్రియోల్ కలిసిన మాట. "ఏట్రా, ఎండనపడి వొచ్చినావు, మాంజే అయిందేటి?" అనేది. మాంజే అంటే క్రియోల్‌లో తిండి. విశాఖలో మూడేళ్ళు చదివి, ఛందస్సు, వ్యాకరణం నెత్తిన పెట్టుకుని వచ్చినవాణ్ణి. "ఏట్రా అనకూడదు నాయనమ్మా, ఏమిరా అనాలి. మాంజే అనకు, భోజనం అను" అన్నాను. మొదటిసారి నవ్వింది. రెండోసారి కూడా నవ్వింది. చుట్టాలందరి ముందు మూడోసారి దిద్దాను. ఆ రోజు నుంచి ఆమె నాతో తెలుగు మాట్లాడలేదు. కోపం తెచ్చుకోలేదు, క్రియోల్‌లోకి మారిపోయింది. అందులో నేను దిద్దడానికేమీ లేదు కదా. 1979లో పోయింది. ఆమె పాడే ఊడుపు పాటలు, పొడుపు కథలు, ఓడలో పుట్టిన ఒక బిడ్డ గురించి చెప్పే కథ, వేటినీ నేను రాసుకోలేదు. తప్పులున్నాయని.

బడిలో ఇంకో రకం ఘనకార్యం. మా దేశంలో శాసనసభ ఇంగ్లీషులో నడుస్తుంది, పత్రికలు ఫ్రెంచిలో వస్తాయి. పిల్లలు తమ తాతల భాషను, హిందీనో ఉర్దూనో తమిళాన్నో తెలుగునో మరాఠీనో చైనా భాషనో, ఒక గంట నేర్చుకుంటారు. నిద్రలో కలవరించేది, ఏడ్చేది, పోట్లాడేది అందరూ క్రియోల్‌లోనే. నేను పనిచేసిన రోజుల్లో ఆ ఒక్క భాషకే బడిలో చోటు ఉండేది కాదు. క్రియోల్ మాట దొర్లితే రూళ్ళకర్రతో వేళ్ళ మీద కొట్టేవాణ్ణి. క్రియోల్‌ను జాతి భాషగా నిలబెట్టాలని దేవ్ వీరాసామి అరవైల నుంచి రాస్తూనే వచ్చాడు. షేక్‌స్పియర్‌ను క్రియోల్‌లోకి తెచ్చాడు. ఉపాధ్యాయుల గదిలో మేం అతని మీద హాస్యాలాడుకునేవాళ్ళం. 2012లో క్రియోల్ ప్రాథమిక బడుల్లోకి పాఠంగా వచ్చింది. నేను కొట్టిన పిల్లల మనవలు చదువుతున్నారు.

సరే, అంత కష్టపడి నేర్పిన తెలుగు ఏమైంది? 1990 డిసెంబర్‌లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు మా దీవిలో జరిగాయి. హైదరాబాదు, కౌలాలంపూర్ తర్వాత మాకు దక్కిన గౌరవం. నా శిష్యురాలొకతె పద్యాలు తడబడకుండా అప్పజెప్పింది. ఆంధ్ర నుంచి వచ్చిన ఒక పెద్దాయన మురిసిపోయి "ఎన్నో తరగతి తల్లీ?" అని అడిగాడు. ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. నేను ఆయన ప్రశ్నను క్రియోల్‌లోకి మార్చి చెప్పాను.

మా తెలుగు ఇంకా నిలిచిన చోటు ఒకటుంది. దీపం చుట్టూ తిరుగుతూ చేసే రామభజన, అప్పన్న పూజ. పాడేవాళ్ళలో చాలామందికి అర్థం తెలియదు. ఉచ్చారణ నేను తప్పుపట్టిన ఉచ్చారణే, నాయనమ్మ ఉచ్చారణ. ఇప్పుడు వెనక వరసలో కూర్చుని వింటాను. దిద్దను.

6. పిండివంటలు పంచుకోవడం తేలిక.

దాల్‌పూరీ మా జాతీయ ఫలహారం. తీపి లేని బొబ్బట్టు అనుకోండి. పల్చటి రెండు రొట్టెల మధ్య చిక్కుడు గింజల కూర, పచ్చడి. రోడ్డు పక్క సైకిలు బండి దగ్గర అన్ని మతాలవాళ్ళూ నిలబడి తింటారు. పేర్ లవాల్ అనే క్రైస్తవ సాధువు సమాధికి హిందువులూ ముస్లిములూ నడిచి వెళ్తారు. ఇవన్నీ విదేశీ అతిథులకు చూపిస్తాం. మా చెల్లెలు చైనా అబ్బాయిని చేసుకుంటానన్నప్పుడు నేను మూడేళ్ళు మాట్లాడలేదు. ఆ మూడేళ్ళూ వాళ్ళ వీధి చివరి కొట్లో నూడుల్స్ తింటూనే ఉన్నాను.

7. 'మనవాడు' అన్న మాటకు ఇంకొకడు మూల్యం కడతాడు.

క్రియోల్‌లో 'నూ బన్' అని ఒక మాట ఉంది. మనవాళ్ళు అని అర్థం. మా దేశంలో ఉద్యోగం, బదిలీ, పార్టీ టికెట్టు, అన్నీ ఆ రెండు ముక్కల మీద నడుస్తాయని అందరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనరు. రాజ్యాంగంలోనే దానికి విత్తనం ఉంది. ఎన్నికల్లో నిలబడేవాడు తాను హిందువో, ముస్లిమో, చైనా సంతతో రాసివ్వాలి. జీవన విధానాన్ని బట్టి ఈ మూడింటిలోనూ చేరనివాడు 'జనరల్ పాపులేషన్'. అంటే మిగిలినవాడు. క్రియోళ్ళూ, తెల్లవాళ్ళూ అందులోనే. 62 మంది నేరుగా గెలిచాక, వాటా తగ్గిన వర్గాలకు ఓడినవాళ్ళలోంచి ఎనిమిది మంది దాకా తీసుకుంటారు. బెస్ట్ లూజర్ పద్ధతి అంటారు. చిన్న వర్గాల భయం పోగొట్టడానికి పెట్టారు, ఆ పని కొంత చేసింది కూడా. ఆ పంపకానికి ఆధారం నేటికీ 1972 జనాభా లెక్కలే. ఆ తర్వాత లెక్కల్లో వర్గం అడగడం మానేశారు. యాభై ఏళ్ళ కిందటి మనుషుల్ని లెక్కపెట్టి నేటి సీట్లు పంచుకుంటున్నాం.

ఇక నా సంగతి. 1978లో ఒక బడికి ప్రధానోపాధ్యాయుడి పదవి ఖాళీ అయింది. సీనియారిటీలో నా కంటే ముందున్నది నా మిత్రుడు, వడ్రంగి కొడుకు. మా దూరపు బంధువొకాయన పైన ఒక కార్యాలయంలో ఉండేవాడు. ఒక ఆదివారం మామిడిపళ్ళ బుట్టతో వాళ్ళింటికి వెళ్ళాను. పదవి గురించి నేనేమీ అడగలేదు. ఆయనా ఏమీ మాట ఇవ్వలేదు. "మనవాడు కదా" అని భార్యతో అన్నాడు, అంతే. నెల తిరక్కుండా ఉత్తర్వులొచ్చాయి. మిత్రుడు వచ్చి కరచాలనం చేసి అభినందించాడు. వాడికి తెలుసో తెలియదో నాకు తెలియదు. మరో తొమ్మిదేళ్ళు వాడు నా కింద పనిచేశాడు.

1999 ఫిబ్రవరిలో సెగ్గే అనే సంగీతం పాడే క్రియోల్ గాయకుడు కాయా పోలీసు నిర్బంధంలో ప్రాణం వదిలాడు. నాలుగు రోజులు దేశం తగలబడింది. క్రియోళ్ళు మా వీధి మీదికి వస్తున్నారని పుకారు. మగవాళ్ళమంతా కాపలా కాశాం. యాభై నాలుగేళ్ళ పంతుల్ని, చెరకు నరికే కత్తి పట్టుకుని మూల మీద నిలబడ్డాను. రాత్రి రెండింటికి ఒకడు వచ్చాడు. బేకరీలో పని ముగించుకుని ఇంటికెళ్తున్న కుర్రాడు, చంకలో రొట్టెల సంచి. దీపం వెలుగులోకి రాగానే నా మొహం చూశాడు, చేతిలోకి చూశాడు. "బోన్‌స్వార్, మిసియే" అన్నాడు, దండాలు మాస్టారూ అని. నాలుగో తరగతిలో నా దగ్గర చదివినవాడు. తప్పుకుని దారిచ్చాను. వాడు మూల తిరిగేదాకా వెనక్కి చూసుకుంటూనే నడిచాడు.

8. కూలీ మనవడు కూలీని మరిచిపోవడానికి మూడు తరాలు చాలు.

జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త మా దేశాన్ని చూసి 1961లో, జనం ఎక్కువ, ఉన్నది చెరకు ఒక్కటే, గతి కష్టమేనని రాశాడు. తర్వాత ఆయనకు నోబెల్ కూడా వచ్చింది గానీ మా విషయంలో జోస్యం తప్పింది. 1970లో ఎగుమతి పరిశ్రమల చట్టం, బట్టల ఫ్యాక్టరీలు, ఆపైన హోటళ్ళు, బ్యాంకులు. 1977 నుంచి హైస్కూలు చదువు ఉచితం. మా క్యాంపు పిల్లలు లండన్‌లో డాక్టర్లయ్యారు. మావాళ్ళు కుట్టుమిషన్ల ముందు కూర్చోవడానికి ఇష్టపడకపోయేసరికి ఆ కుర్చీల్లోకి బంగ్లాదేశ్ నుంచి, మడగాస్కర్ నుంచి, ఇండియా నుంచి కాంట్రాక్టు మీద మనుషులొచ్చారు.

యూరప్ చక్కెరకిచ్చే ధర మూడో వంతు పైగా కోసేశాక మా అరెకరం అమ్మేశాను. ఆ డబ్బుతో ఊళ్ళో మూడు గదుల ఇల్లు కట్టి అద్దెకిచ్చాను. పద్నాలుగు మంది బంగ్లాదేశ్ కుర్రాళ్ళు. తలకింత అని అద్దె. ఒకసారి వాళ్ళలో ఒకడు ఇంగ్లీషు కాంట్రాక్టు కాగితం తెచ్చి చదివిపెట్టమన్నాడు. ఒకరోజు రాకపోతే ఆ రోజు కూలితోపాటు నెల హాజరు బోనసు కూడా పోతుందని అందులో ఉంది. నా కళ్ళు ఆ వాక్యం దగ్గర ఆగాయి. అయినా "అంతా సరిగ్గానే ఉంది బాబూ" అని కాగితం మడిచి ఇచ్చాను. అద్దె సమయానికి రావడం నాకు ముఖ్యం. ఆ నవంబర్ 2న కూడా ఎప్పట్లాగే పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసీ ఘాట్‌కు వెళ్ళాను. కూలీలు దిగాక ఎక్కిన పదహారు రాతి మెట్లు అక్కడున్నాయి. 2006 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. ఆ మెట్ల దగ్గర పూలు పెట్టి ప్రసంగం విన్నాను. కళ్ళు చెమర్చాయి కూడా.

తర్వాత ఇద్దరిద్దరు చొప్పున తగ్గించి, చివరికి ఆ ఇంట్లో ఆరుగుర్నే ఉంచాను. అద్దె తగ్గించలేదు.

9. చెప్పాల్సిన మాటకు కూడా గడువుంటుంది.

2020 జూలై 25న వకాషియో అనే సరుకు ఓడ మా ఆగ్నేయ తీరాన, ప్వాంత్ దెస్నీ దగ్గర పగడపు దిబ్బల మీదికెక్కింది. పన్నెండు రోజులు అలాగే ఉండి, ఆగస్టు 6న పగిలి చమురు కక్కింది. వెయ్యి టన్నుల దాకా సముద్రం పాలైంది. పైవాళ్ళు ఏదో చేస్తారని చూసి చూసి జనమే కదిలారు. ఎండు చెరకాకును గుడ్డ గొట్టాల్లో కూరి, ఖాళీ సీసాలు కట్టి, కిలోమీటర్ల పొడవు అడ్డుకట్టలు నేశారు. మాయెబూర్ ఒడ్డున ముసుగేసుకున్న ఆడపిల్లలు, సిలువ మెడలో వేసుకున్న జాలర్లు, బొట్టు పెట్టుకున్న ముసలమ్మలు ఒకే గొట్టానికి కుట్టు వేస్తూ కనిపించారు. కరోల్ తర్వాత అలాంటిది చూడలేదు. నేను ఆకు కూరేవాళ్ళలో కూర్చున్నాను. ఎదురుగా సూది పట్టుకుని నా మిత్రుడు. అమ్మమ్మగారి ఊరని అక్కడే స్థిరపడ్డాడు. జాలరి ఇంటి మనవడు గనక వాడి కుట్టు బిగువుగా ఉంది.

మూడు రోజులు ఎదురెదురుగా కూర్చున్నాం. మిల్లులో పడుకున్న రాత్రులు గుర్తు చేసుకున్నాం. మాటల మీద రిజిస్టర్ సంగతి వచ్చింది. ఊరి పేరు చదవలేకపోతున్నామని అన్నాను. వాడు దారం కొరికి "నీకు సగమైనా ఉంది. మాకు ఓడ పేరు కూడా లేదు. ఇంటిపేరంటావా, ఏ దొర సరదాకు పెట్టాడో" అన్నాడు. ఆ క్షణంలో 1978 సంగతి నా గొంతు దాకా వచ్చింది. మామిడిపళ్ళ బుట్ట సంగతి. ఇంతలో ఎవరో గుడ్డ మోసుకొచ్చి మా మధ్య దించారు. రేపు చెబుదామనుకున్నాను. మర్నాడు మనుషులు ఎక్కువగా ఉన్నారు. మూడోరోజు నాకు నడుము పట్టేసి ఇంటికొచ్చేశాను. మరుసటి ఏడాది కోవిడ్‌లో వాడు పోయాడు. అంత్యక్రియలకు పదిమందికి మించి రానివ్వలేదు. ఆ పదిమందిలో నేను లేను.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి జిల్లాల పిల్లలకు ఒక పని చెబుతాను. మీ ఇళ్ళలో ముసలివాళ్ళు ఓడెక్కి తిరిగిరాని మనిషి ఊసు ఎప్పుడైనా ఎత్తితే, వాళ్ళ మాటలు దిద్దకుండా, పేరు, తండ్రి పేరు, ఊరు ఒక కాగితం మీద రాసిపెట్టండి. మిగతా సగం మోకాలో రిజిస్టర్‌లో ఉంది. రెండు ముక్కలు కలిస్తే ఒక ఇంటికి తన ఊరు దొరుకుతుంది. నా మిత్రుడి మనవలు ముగ్గురున్నారు. వాళ్ళ కోసం అలాంటి కాగితం రాయగలవాళ్ళు ఏ తీరాన ఉన్నారో చెప్పే రిజిస్టర్ మా దీవిలో లేదు.